మీటరులో పన్నెండు వోల్టులున్నా వేడెక్కని ప్లగ్గు: పాత డీజిల్ బండి హీటర్ సర్క్యూట్‌ను పరీక్షించే పద్ధతి

పాత డీజిల్ బండి చలికాలం పొద్దున్నే మొండికేస్తే మొదటి నింద బ్యాటరీ మీద పడుతుంది, రెండోది హీటర్ ప్లగ్గుల మీద. బ్యాటరీ మార్చి చూస్తారు, లాభం లేకపోతే ప్లగ్గుల సెట్టు మొత్తం కొత్తది వేస్తారు, అప్పటికీ బండి సెల్ఫ్ కొట్టీ కొట్టీ తెల్లపొగ చిమ్ముతూనే ఉంటుంది. పుస్తకాలు గ్లో ప్లగ్గు అనీ, మెకానిక్కులు హీటర్ ప్లగ్గు అనీ పిలిచే, కరెంటుతో కాలి చల్లని ఇంజనుకు మొదటి వేడినిచ్చే ఆ చిన్న కడ్డీ ఒక పొడవైన దారికి చివరి మజిలీ మాత్రమే. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు, రిలే (పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు), కనెక్టరు, వైరు, లగ్గు (వైరు చివరి లోహపు కొస) దాటుకుని ప్లగ్గులోకి వెళ్ళాలి, అక్కడి నుంచి ఇంజన్ హెడ్డు మీదుగా ఎర్త్ పట్టీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలి. ఈ దారిలో ఏ ఒక్క చోట తుప్పు పట్టినా ప్లగ్గు చల్లగానే ఉండిపోతుంది. ఆ చోటు కనిపించాలంటే దారిలో పూర్తి కరెంటు పారుతున్నప్పుడు కొలవాలి. కరెంటు పారని వేళ మీటరు చూపించే పన్నెండు వోల్టులు దేనికీ సాక్ష్యం కావు.

ఉదాహరణకు ఒక కుటుంబం ఇంజన్లను తీసుకుంటే విషయం స్పష్టంగా తెలుస్తుంది. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 1976లో విడుదల చేసిన డబ్ల్యూ 123 శ్రేణి కార్లలో 240 డి మోడలుకు ఓఎం 616 అనే నాలుగు సిలిండర్ల ఇంజను, 300 డి మోడలుకు ఓఎం 617 అనే అయిదు సిలిండర్ల ఇంజను ఉండేవి. ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. ఆ ఓఎం 616 ఇంజన్నే లైసెన్సు కింద బజాజ్ టెంపో మన దేశంలో తయారుచేసి ట్రావెలర్, ట్రాక్స్ వాహనాలలో బిగించింది. తెలుగు పల్లెల్లో పెళ్ళి బృందాలను మోసిన ట్రాక్స్ జీపుకూ, జర్మనీలో టాక్సీగా తిరిగిన 240 డి కారుకూ గుండెకాయ ఒకే వంశానిది. వైరింగు వివరాలు బండిని బట్టి మారినా పరీక్ష వెనుక ఉన్న తర్కం రెండింటికీ ఒకటే.

ఈ ఇంజన్లలో డీజిల్ నేరుగా సిలిండరులోకి పడదు. హెడ్డులో ఉన్న ప్రీ చాంబర్ అనే చిన్న గదిలోకి నాజిల్ దాన్ని చిమ్ముతుంది, మంట అక్కడ మొదలై సన్నని రంధ్రాల గుండా సిలిండరులోకి దూసుకువస్తుంది. జర్మన్ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ 1909లో పేటెంటు పొందిన ఆలోచన ఇది. దీనివల్ల ఇంజను శబ్దం తగ్గింది, నాజిల్ మీద ఒత్తిడి తగ్గింది, 1936 నాటి మెర్సిడెస్ 260 డి లాంటి డీజిల్ కారు సాధ్యమైంది. అయితే ఆ గది గోడలు చల్లగా ఉన్నప్పుడు, 21 వంతుల గాలిని ఒక వంతుకు నొక్కినందువల్ల పుట్టిన వేడిని అవే పీల్చేసుకుంటాయి, మిగిలిన వేడి డీజిల్‌ను అంటించడానికి చాలదు. ఆ లోటు తీర్చడానికే ప్రీ చాంబర్‌లోకి మొన చాచి ఉండే ప్లగ్గును పెట్టారు. కరెంటు అందిన కొద్ది సెకన్లలో దాని మొన ఎర్రగా కాలుతుంది. ఇంజను వేడెక్కాక గోడలే ఆ పని చేస్తాయి కనుక ప్లగ్గుల అవసరం ఉండదు. మధ్యాహ్నం ఒక్క చుట్టుకు అందుకునే బండి తెల్లవారితే మొరాయించడానికి కారణం ఇదే.

కోస్తా జిల్లాల ఉక్కలో నాలుగింటిలో ఒక ప్లగ్గు పోయినా, ఒక్కోసారి రెండు పోయినా, కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే బండి అందుకుంటుంది. అందువల్ల లోపం నెలల తరబడి బయటపడదు. అదే బండి డిసెంబరులో ఆదిలాబాద్‌కో లంబసింగికో వెళ్ళి రాత్రి ఆరుబయట నిలబడితే తెల్లారేసరికి అసలు సంగతి తెలుస్తుంది. యజమాని దాన్ని చలివల్ల వచ్చిన కొత్త జబ్బు అనుకుంటాడు కానీ అది ఎప్పటినుంచో ఉన్న పాత జబ్బే.

మీటరు ముట్టుకునే ముందు పొగగొట్టం వైపు చూడడం మంచిది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు గొట్టం నుంచి తెల్లని పొగ, డీజిల్ వాసనతో ధారగా వస్తుంటే ఇంధనం లోపలికి చేరుతోందని, అంటుకోవడం లేదని అర్థం. అప్పుడు హీటర్ సర్క్యూట్‌ను అనుమానించాలి. ఎంత తిప్పినా పొగ చుక్కైనా రాకపోతే ప్లగ్గుల జోలికి పోకుండా ఫీడ్ పంపు, ఫిల్టరు, ఎయిర్ లాక్ (డీజిల్ పైపులో చేరిన గాలి) వైపు చూడాలి. బండి అందుకున్నాక కొన్ని సెకన్లు కుంటుతూ, వణుకుతూ తిరిగి, తరువాత తనంతట తానే సర్దుకుంటే ఒకటో రెండో సిలిండర్లలో వేడి పుట్టడం లేదన్నమాట. అసలే అందుకోకపోతే అన్ని ప్లగ్గులూ ఒకేసారి చచ్చిపోయాయని అనుకోవడం కంటే వాటన్నిటికీ ఉమ్మడిగా కరెంటు పంపే ఫ్యూజు, రిలే, మెయిన్ వైరు, ఎర్త్ మీద అనుమానం పెట్టుకోవడం సబబు. ఈ ఒక్క తేడాను గమనిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

ఇక కరెంటు లెక్క. 1980 తరువాతి డబ్ల్యూ 123 కార్లలో పెన్సిల్ ఆకారపు ప్లగ్గులను సమాంతరంగా, అంటే దేని వైరు దానికే ఉండేలా కలిపారు. చల్లగా ఉన్న ఒక ప్లగ్గు నిరోధం ఒక ఓమ్ కంటే తక్కువ, సుమారు 0.7 ఓమ్ ఉంటుంది. 11.5 వోల్టుల వద్ద అది మొదటి క్షణంలో 16 ఆంపియర్ల దాకా లాగుతుంది. అయిదు ప్లగ్గులకు కలిపి 80 ఆంపియర్లు దాటుతుంది. లోపలి తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి, కొద్ది సెకన్లలో ఒక్కో ప్లగ్గు వాటా 8 నుంచి 10 ఆంపియర్లకు దిగుతుంది. బండిలో సెల్ఫ్ మోటారును పక్కనపెడితే ఇంత కరెంటు లాగే భాగం మరొకటి కనిపించదు.

ఇంత కరెంటు పారే చోట చిన్న తుప్పు కూడా పెద్ద అడ్డంకి అవుతుంది. లెక్క సౌలభ్యం కోసం 50 ఆంపియర్లు పారుతున్నాయనీ, రిలే కనెక్టరులో పచ్చగా చిలుము పట్టిన ఒక చోట 0.05 ఓమ్ నిరోధం ఉందనీ అనుకుందాం. అక్కడే 2.5 వోల్టులు పోతాయి, ప్లగ్గుకు 9 వోల్టులు మిగులుతాయి. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ప్లగ్గు ఇచ్చే వేడి దాదాపు అరవై శాతానికి పడిపోతుంది. పోయిన 2.5 వోల్టులు ఊరికే పోవు, ఆ కనెక్టరులోనే 125 వాట్ల వేడిగా మారి దాని ప్లాస్టిక్కును కరిగిస్తాయి. గోధుమరంగుకు తిరిగిన కనెక్టరు కనిపిస్తే ఈ లెక్క అక్కడ ఎంతోకాలంగా నడుస్తోందని గ్రహించాలి.

ఇదే 0.05 ఓమ్‌ను మామూలు పద్ధతిలో పట్టుకోవడం అసాధ్యం. డిజిటల్ మీటరు తన లోపలికి తీసుకునే కరెంటు ఆంపియరులో పదిలక్షల వంతు స్థాయిలో ఉంటుంది. ప్లగ్గు నుంచి వైరు ఊడదీసి, దాని చివర మీటరు పెట్టి చూసినప్పుడు దారిలో వంద ఓమ్‌ల తుప్పున్నా తెరమీద నిండుగా పన్నెండు వోల్టులే కనబడతాయి. “కరెంటు వస్తోంది, కాబట్టి ప్లగ్గులే పోయాయి” అన్న తీర్పు చాలా చోట్ల ఇక్కడే పుడుతుంది. మంచి ప్లగ్గులను తీసి పారేయించే తీర్పు ఇది. వైరు తెగలేదని చెప్పే మీటరులోని కంటిన్యుటీ బజరు మోగడం కూడా ఇలాంటి అరకొర సాక్ష్యమే. సన్నని ఒక్క పోగు మిగిలిన వైరుకు కూడా బజరు మోగుతుంది, కానీ ఆ పోగు పదహారు ఆంపియర్లు మోయలేదు.

సరైన పరీక్ష వోల్టేజి నష్టాన్ని కొలవడం. ఇంజను చల్లగా ఉండాలి, వైర్లన్నీ బిగించి ఉండాలి. మీటరును వోల్టులలో పెట్టి, ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు, రెండో మొనను ప్లగ్గు కొన మీది నట్టుకు తాకించి, పక్కన ఒకరిని తాళం హీటర్ స్థానానికి తిప్పమనాలి. రిలే గడువు తీరితే తనంతట తానే ఆగిపోతుంది కనుక ఆ కొద్ది సెకన్లలోనే అంకె చూసుకోవాలి. మీటరు ఇప్పుడు చూపేది సరఫరా వోల్టేజిని కాదు, బ్యాటరీకీ ప్లగ్గుకూ మధ్య దారిలో పోగొట్టుకున్నదాన్ని. అర వోల్టు లోపుంటే దారి శుభ్రంగా ఉన్నట్టు. ఒక వోల్టు దాటితే దొంగ దారిలోనే ఉన్నాడు. అప్పుడు మొదటి మొనను పోస్టు మీదే ఉంచి, రెండో మొనను ప్లగ్గు నుంచి వెనక్కు, కనెక్టరు, రిలే అవతలి కొస, ఫ్యూజు అవతలి కొస, ఫ్యూజు ఇవతలి కొస అంటూ ఒక్కో మెట్టూ జరుపుతూ వస్తే ఏ మెట్టు దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయిందో లోపం ఆ మెట్టుకూ అంతకుముందటి మెట్టుకూ మధ్య ఉన్నట్టే. అంకె అసలు పన్నెండు వోల్టులకు దగ్గరగా ఉంటే దారి ఎక్కడో పూర్తిగా తెగింది లేదా రిలే పనిచేయడం లేదు. తీరా సున్నా చూపిస్తే సంతోషపడే ముందు ప్లగ్గు నిజంగా కరెంటు లాగుతోందా అని చూసుకోవాలి, ఎందుకంటే లోపల తెగిపోయిన ప్లగ్గు కరెంటు లాగదు, కరెంటు లేని దారిలో నష్టమూ ఉండదు.

ఎర్త్ వైపు ఇదే పరీక్షను చాలామంది మరచిపోతారు. ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ హెడ్డు మీద గీరి శుభ్రం చేసిన చోట పెట్టి హీటర్ వేసినప్పుడు అంకె 0.2 వోల్టుల లోపే ఉండాలి. అంతకు మించితే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీని విప్పి, రెండు కొసలూ మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది బిగించాలి. ఎర్త్ బలహీనంగా ఉన్న బండిలో సెల్ఫ్ కూడా నీరసంగా తిరుగుతుంది, ఆ నీరసాన్ని బట్టి బ్యాటరీ మార్చిన సందర్భాలు లెక్కలేనన్ని.

డబ్ల్యూ 123 కారులో ఫ్యూజు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రిలే పెట్టె మీది మూత కింద 80 ఆంపియర్ల రేకు ఫ్యూజు ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడెక్కీ చల్లారీ ఆ రేకు మీద వెంట్రుకంత పగులు వస్తుంది. కంటికి కనబడదు, బజరు మోగుతుంది, కరెంటు పారడం మొదలైన రెండు క్షణాలకు పగులు విచ్చుకుని దారి తెగిపోతుంది. ఫ్యూజు రెండు కొసల మధ్య హీటర్ వేసి కొలిస్తే మాత్రం గుట్టు బయటపడుతుంది. దాని స్థానంలో రాగి తీగ ముక్క చుట్టి పంపించే అలవాటు మన దగ్గర ఉంది. ఒక ప్లగ్గు లోపల షార్ట్ అయిన రోజున ఆ తీగ తెగదు, వైరింగు కాలుతుంది. కొత్త ఫ్యూజు దొరికేదాకా బండిని ఆపడమే మేలు.

దారి శుభ్రంగా ఉందని తేలాక ప్లగ్గుల వంతు వస్తుంది. ఇక్కడ డబ్ల్యూ 123 వైరింగు ఒక సౌకర్యం ఇస్తుంది. ప్లగ్గులు ఇంజెక్షన్ పైపుల కింద, చేయి పట్టని చోట ఉన్నా, వాటి వైర్లన్నీ రిలే దగ్గర ఒకే కనెక్టరులోకి వస్తాయి. ఆ కనెక్టరు ఊడదీసి, ఒక్కో పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య నిరోధం కొలిస్తే ప్లగ్గులను ముట్టుకోకుండానే వాటి నాడి చూడవచ్చు. కనెక్టరు తీయకుండా కొలిస్తే అన్ని ప్లగ్గులూ లోపల కలిసే ఉంటాయి కనుక చచ్చిన ప్లగ్గు పక్కవాటి చాటున బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్లగ్గులన్నిటినీ ఒకే రేకు పట్టీ కలిపే ఇంజన్లలో ముందు ఆ పట్టీని విప్పాలన్నది కూడా ఇందుకే. మీటరు మొనలను ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే అంకెను, సాధారణంగా 0.2 నుంచి 0.5 ఓమ్ దాకా ఉండేదాన్ని, ప్రతి కొలత నుంచీ తీసివేయాలి. ఒక ఓమ్ లోపు కొలతలో ఈ చిన్న తప్పే సగం అంకెను మింగేస్తుంది. తీసివేశాక 0.5కూ 1 ఓమ్‌కూ మధ్య ఉన్నది మంచి ప్లగ్గు కావచ్చు. మీటరు ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగింది. రెండు ఓమ్‌లు దాటితే ముందు వైరు కొస నట్టును చూసి, ఆ తరువాత ప్లగ్గును అనుమానించాలి.

దీనికంటే నమ్మకమైనది క్లాంప్ మీటరు, వర్క్‌షాపులలో టాంగ్ టెస్టర్ అనేది. అయితే ఇళ్ళ వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే ఏసీ టాంగ్ టెస్టర్ ఇక్కడ పనికిరాదు, డీసీ కరెంటు కొలిచేది కావాలి. ఒక్కో ప్లగ్గు వైరు చుట్టూ దాన్ని బిగించి హీటర్ వేస్తే నాలుగు ప్లగ్గులు తొమ్మిదేసి ఆంపియర్లు లాగుతూ అయిదోది నాలుగే లాగుతుంటే ఇక వాదన అవసరం లేదు. మెయిన్ వైరు చుట్టూ ఒక్కసారి పెట్టినా చాలు: అయిదు సిలిండర్ల ఇంజనులో స్థిరపడిన కరెంటు 45కు దగ్గరగా ఉండవలసి ఉండగా 36 చూపిస్తే ఒక ప్లగ్గు లోటు, 27 చూపిస్తే రెండు ప్లగ్గుల లోటు.

బయటికి తీసిన ప్లగ్గును బల్ల మీద వెలిగించి చూడవచ్చు. దాన్ని వైస్‌లో బిగించి, బాడీకి నెగటివ్, కొనకు పాజిటివ్ జంపర్ వైర్లతో ఇవ్వాలి. చేత్తో పట్టుకోకూడదు, కొన్ని సెకన్లకు మించి ఉంచకూడదు. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు మొన నుంచి మొదలై వెనక్కు ఎర్రబడుతుంది. మధ్యలోనో మొదట్లోనో ఎర్రబడి మొన నల్లగా ఉండిపోతే ఓమ్‌ల లెక్క సరిగ్గా ఉన్నా దాన్ని పక్కన పెట్టాలి, ఎందుకంటే ప్రీ చాంబర్‌లోకి చేరేది ఆ మొన ఒక్కటే.

రిలే పాడైందన్న తీర్పు కూడా తొందరపడి ఇవ్వకూడదు. రిలేకు మెయిన్ పాజిటివ్ కాకుండా తాళం నుంచి ఒక సంకేతం, సెల్ఫ్ నుంచి ఒకటి, ఇంజను వేడిని చెప్పే సెన్సర్ నుంచి మరొకటి అందుతాయి, దానికంటూ ఒక ఎర్త్ ఉంటుంది. ఇవన్నీ చేరుతున్నా అవతలికి కరెంటు వదలకపోతేనే తప్పు రిలేది. సెన్సర్ నిరోధం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. దాని వైరు తెగితే రిలే ఇంజను గడ్డకట్టుకుపోయిందనుకుని హీటర్‌ను ఎక్కువసేపు వేస్తుంది, వైరు బాడీకి తాకితే ఇంజను బాగా వేడిగా ఉందనుకుని దాదాపు వేయకుండానే ఆపేస్తుంది. రెండో సందర్భంలో కొత్త ప్లగ్గులు, కొత్త రిలే వేసినా ఫలితం ఉండదు. డ్యాష్‌బోర్డు మీది హీటర్ దీపాన్ని కూడా అతిగా నమ్మకూడదు. అది ఆరిపోవడం ఒక గడువు తీరిందని చెబుతుందే తప్ప ప్రతి ప్లగ్గూ ఎర్రబడిందని హామీ ఇవ్వదు.

రిలేను తప్పించి డ్యాష్‌బోర్డు మీద ఒక బటన్ పెట్టి, దానితో సెల్ఫ్‌కు వాడే రకం విడి సొలినాయిడ్ (పెద్ద కరెంటు స్విచ్చు) ద్వారా ప్లగ్గులకు నేరుగా కరెంటు ఇచ్చే ఏర్పాటు చాలా పాత బండ్లలో కనిపిస్తుంది. కొత్త రిలే దొరకని చోట దీన్ని పూర్తిగా తప్పుపట్టలేము, కానీ ఫ్యూజు లేకుండా చేస్తే మాత్రం తప్పే. బటన్‌ను ఎంతసేపు నొక్కాలో నడిపేవారి ఓపికను బట్టి మారుతుంది. ఎక్కువసేపు కాలిన మొన ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లగ్గు రంధ్రం నుంచి రాదు, బలవంతంగా తిప్పితే మొన తెగి ప్రీ చాంబర్‌లో పడుతుంది, ఆ తరువాత హెడ్డు విప్పవలసి రావచ్చు. హీటర్ పనిచేయడం లేదని గాలి దారిలో ఈథర్ స్ప్రే కొట్టడం అంతకంటే ప్రమాదకరం. ఒక్క ప్లగ్గు వేడిగా ఉన్నా ఆ ఆవిరి సమయం కాని సమయంలో పేలుతుంది.

1980కు ముందటి డబ్ల్యూ 123 కార్లకు ఈ వివరాలన్నీ వర్తించవు. వాటిలో లోపలి తీగ చుట్టలా బయటికి కనబడే ప్లగ్గులను దండలో పూసల్లా ఒకదాని వెనుక ఒకటి కలిపారు. ఒక్కో ప్లగ్గు వంతుకు ఒక వోల్టుకు అటూ ఇటూ మాత్రమే వస్తుంది, మిగిలిన వోల్టేజిని దారిలో పెట్టిన నిరోధం తీసుకుంటుంది. ఒక్కటి తెగితే దండ మొత్తం చస్తుంది, అయితే తెగినదాన్ని పట్టుకోవడం మాత్రం తేలిక. హీటర్ వేసి ఎర్త్‌కూ ఒక్కో ప్లగ్గు కొసకూ మధ్య కొలుస్తూ వెళితే తెగిన ప్లగ్గు ముందటి కొస దాకా పన్నెండు వోల్టులు, దాని అవతలి కొస నుంచి సున్నా కనిపిస్తుంది. పెన్సిల్ ప్లగ్గును ఇందులోనూ, చుట్ట ప్లగ్గును సమాంతర వైరింగులోనూ బిగించకూడదు. మొదటిది వేడెక్కనే వేడెక్కదు, రెండోది వేసిన మరుక్షణం కాలిపోతుంది.

కొత్త ప్లగ్గు బిగించే ముందు రంధ్రంలోని కార్బన్‌ను దానికోసమే ఉన్న రీమరు అనే గీకే పనిముట్టుతో, గ్రీజు పూసి, నెమ్మదిగా గీకి తీయాలి. మొన చుట్టూ ఉండవలసిన సన్నని ఖాళీ మసితో నిండిపోతే ప్లగ్గు వేడి హెడ్డులోకి జారిపోతుంది, విద్యుత్ పరీక్షలన్నీ సరిగ్గా వచ్చినా ఇంజను చలికి మొరాయిస్తుంది. తీసిన పాత ప్లగ్గు మొన కరిగినట్టుంటే ఆ సిలిండరు నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదేమో, పంపు టైమింగ్ తప్పిందేమో చూడకుండా కొత్తది వేయడం వృథా.

వోల్టేజి నష్టం అర వోల్టు లోపు, ప్రతి ప్లగ్గు కరెంటూ సమానం, ఎర్త్ శుభ్రం, రంధ్రాలు శుభ్రం అయినా చలి పొద్దున బండి అందుకోకపోతే వైరింగును ఇక వదిలేయాలి. టర్బో లేని ఈ ఇంజన్లలో ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వుకు 0.10 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వాల్వుకు 0.30 మిల్లీమీటర్ల సందు ఉండాలి. వాడుకలో ఆ సందు క్రమంగా తగ్గి, వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్, అంటే సిలిండరులో నొక్కిన గాలి ఒత్తిడి, జారిపోతుంది. సందు కొలిచే ఫీలర్ గేజితో వాల్వులను సరిచేసి, అప్పటికీ మార్పు లేకపోతే కంప్రెషన్ గేజి పెట్టి చూడాలి.